అయిదుకీ నాలుగుకీ మధ్య రోడ్డు

ఓరిన్ ఇల్లు అయోవాలో ఉంది. అతని వదినగారి ఇల్లు మిన్నెసోటాలో ఉంది. రెండిళ్ళకూ నడుమ రెండు మొక్కజొన్న చేలు, వాటి మధ్య ఒక కంకర రోడ్డు. ఆ రోడ్డే రాష్ట్రాల సరిహద్దు. పాడి ఉన్న రోజుల్లో ఓరిన్ ఆవులు కంచె తెంపుకుని అవతలి రాష్ట్రంలో మేసొచ్చి ఇవతలి రాష్ట్రంలో పాలిచ్చేవి. వాటినెవరూ ఏమీ అనలేదు.

ఆ ఏడు ఆకులు రాలే కాలమంతా, సాయంత్రం భోజనం కాగానే ఓరిన్ తన భార్య వెర్నాను కారులో కూర్చోబెట్టుకుని ఆ రోడ్డు దాటేవాడు. వదిన ఆర్డిస్ వంటింట్లో వెర్నా ఒక కారమెల్ బిళ్ళ చప్పరించేది. అక్కచెల్లెళ్ళిద్దరూ కాసేపు ఊళ్ళోవాళ్ళ సంగతులు నెమరేసుకునేవారు. తరువాత ఓరిన్ ఆమెను మళ్ళీ ఇంటికి తెచ్చి పడుకోబెట్టేవాడు. చూసేవాళ్ళకిది చాదస్తంలా ఉండేది. చాదస్తమే, కాదనను. కాని దాని వెనక ఒక నొప్పి ఉంది, ఒక చట్టం ఉంది.

నొప్పి సంగతి ముందు చెప్పాలి. ఏడాది కిందట వెర్నాకు పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు మాడిపోయాయిగాని మంట పోలేదు. పగలైతే పనిలో పడి ఓర్చుకునేది. పడుకుంటే దుప్పటి తగిలినా నిప్పు అంటినట్టే. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే కళ్ళు తిరిగి మెట్ల మీద పడింది. ఆర్డిస్‌కు ఆవలి ఊళ్ళో మిఠాయి కొట్టుంది. హెంప్ మొక్క నుంచి తీసిన మత్తు పదార్థం టీహెచ్‌సీని తినుబండారాల్లో కలిపి అమ్ముకోవచ్చని మిన్నెసోటా చట్టం చేశాక, ఆవిడ లైసెన్సు తెచ్చుకుని కారమెల్ బిళ్ళలు మొదలుపెట్టింది. హెంప్ అంటే గంజాయికి స్వయానా తోబుట్టువే, కాకపోతే కాస్త బుద్ధిమంతురాలు. ఒక్కో బిళ్ళలో అయిదు మిల్లీగ్రాములు. వెర్నా మొదటిసారి అది తిని తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. ఆ ఉదయం ఓరిన్ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరాడుతోందో లేదో చూసుకున్నాడు.

ఇక చట్టం సంగతి. మిన్నెసోటాలో ఒక్కో మోతాదుకు అయిదు మిల్లీగ్రాముల దాకా చెల్లుతుంది. అయోవాలో నాలుగే. అయోవాలో చెల్లేవి ఏవైనా ఉన్నాయా అని ఓరిన్ పెట్రోలు బంకులో విచారించి అదే మత్తు నాలుగు మిల్లీగ్రాములు కలిపిన గ్యాసు నీళ్ళ డబ్బాలు పట్టుకొచ్చాడు. అవి తాగి వెర్నా రాత్రంతా త్రేన్చింది. దాంతో రోజూ రోడ్డు దాటడమే ఖాయమైంది.

"కడుపులో పెట్టుకుని దాటించొచ్చుగానీ జేబులో పెట్టుకుని దాటించకూడదా? ఇదెక్కడి న్యాయమయ్యా మరిదీ?" అని ఆర్డిస్ ఎగతాళి చేసేది.

"కడుపు దానిది. జేబు నాది," అనేవాడు ఓరిన్.

ఓరిన్ అంతే. పొలం కౌలుకిచ్చాక చాలా ఏళ్ళు బడి బస్సు నడిపాడు. బస్సు దారిలో ఒక రైలు పట్టా ఉండేది. ఆ పట్టా మీద రైలు నడిచి ఒక తరం దాటింది, పట్టాల మధ్య చెట్లు కూడా మొలిచాయి. అయినా బడి బస్సు పట్టాల దగ్గర ఆగి తీరాలని నియమం ఉంది కనుక రోజూ ఆగేవాడు, తలుపు తెరిచేవాడు, చెవి పెట్టి వినేవాడు. పిల్లలు వెనక కూర్చుని "కూ" అని కూసేవారు. ఓరిన్‌కు కోపం వచ్చేది కాదు. పిల్లలందరూ క్షేమంగా ఇల్లు చేరితే చాలుననుకునేవాడు.

మొదటి మంచు పడగానే రోడ్డు తంటా మొదలైంది. ఆ సరిహద్దు రోడ్డు మీద మంచు తియ్యడం రెండు కౌంటీల బాధ్యత. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు, వాళ్ళు తీస్తారని వీళ్ళూ, వీళ్ళు తీస్తారని వాళ్ళూ. ఒక సాయంత్రం కారు మంచులో కూరుకుపోయి, చలిగాలిలో వెర్నా పక్క పట్టుకుని వణుకుతూ కూర్చుంది. ఓరిన్ పార పట్టుకుని తవ్వుతూ, ఇలా చలికాలమంతా నడవదని తెలుసుకున్నాడు.

మర్నాడు ఆర్డిస్ వంటింట్లో కూర్చుని డబ్బాలోని బిళ్ళలన్నీ బల్ల మీద పోశాడు. కూరగాయల కత్తి తీసుకుని ఒక్కోదానికి ఒక చివర సన్నగా కోయసాగాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది ఆర్డిస్.

"అయిదో వంతు తీసేస్తున్నా. మిగిలేది నాలుగు. నాలుగైతే మావైపు చెల్లుద్ది."

"మరి ఈ ముక్కలు?"

"అవి మీ రాష్ట్రానివి. ఇక్కడే ఉంటాయి."

ఆర్డిస్ పొట్ట పట్టుకుని నవ్వింది. వెర్నాకు నవ్వితే పక్కలో మంట, అయినా నవ్వింది. "సర్లే, ఈ ముక్కలు నేను తింటాలే. మా రాష్ట్రం పరువు నేను కాపాడతా," అని ఆర్డిస్ వాటిని ఒక గిన్నెలోకి ఊడ్చుకుంది.

అలా కొన్ని వారాలు హాయిగా గడిచాయి. కోత పెట్టిన బిళ్ళలు ఓరిన్ వంటింటి బల్ల మీద ఒక గాజు పళ్ళెంలో ఉండేవి. రోజుకొకటి. వెర్నా పడుకునేది, లేచేది, ముఖానికి మళ్ళీ రంగొచ్చింది. పొద్దున పాలు కాచుకుంటూ ఏదో పాట కూనిరాగం తియ్యడం విని, ఆ పాట తాను ఎన్నాళ్ళుగా వినలేదో ఓరిన్‌కు అప్పుడు తెలిసింది.

మనిషి సుఖంగా ఉంటే కొందరికి గుచ్చుకుంటుంది. ఓరిన్‌కు తన సుఖమే గుచ్చుకుంది. తాను కోసింది సరిగ్గా అయిదో వంతేనా? ఒకవైపు మత్తు ఎక్కువా ఒకవైపు తక్కువా కలిసి ఉంటే? నాలుగున్నర మిగిలిపోయి ఉంటే? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనబోటివాళ్ళు ఊరుకుంటాం. ఓరిన్ షెరీఫ్ ఆఫీసుకు, అంటే పోలీసులకే, ఫోన్ చేసి, తన పేరు అక్షరం అక్షరం విడమరిచి చెప్పి, చిరునామా చెప్పి, అయిదు మిల్లీగ్రాముల మిన్నెసోటా బిళ్ళను కత్తితో కోసి నాలుగు చేస్తే అయోవాలో చెల్లుతుందా అని అడిగాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. అవతలివాళ్ళు కనుక్కుని చెప్తామన్నారు.

కనుక్కుని చెప్పడానికి ట్రెంట్ అనే డిప్యూటీ స్వయంగా వచ్చాడు. చిన్నప్పుడు ఓరిన్ బస్సులో వెనక సీట్లో కూర్చుని రైలు కూత కూసినవాళ్ళలో అతనూ ఒకడు. బూట్ల మంచు దులుపుకుని, టోపీ తీసి, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందు చలి గురించి మాట్లాడాడు. తరువాత సోయా పంట గురించి. తరువాత తన ట్రక్కు గేర్లు చేస్తున్న చప్పుడు గురించి. ఊరక రారు మహానుభావులని వెర్నాకు తెలుసు, అయినా కాఫీ పోసింది. నిమ్మకాయ కేకు ముక్కలు కోసి పెట్టింది. వద్దండీ అన్నాడు ట్రెంట్. కాస్త తీసుకో అంది. ఇప్పుడే తిన్నానండీ అన్నాడు. చిన్న ముక్కేలే అంది. మూడోసారికి మావైపు ఎవరైనా తీసుకోవాల్సిందే. ట్రెంట్ తీసుకోలేదు. వెర్నా కత్తి పక్కన పెట్టి తానూ కూర్చుంది.

"ఓరిన్ గారూ, మీరు ఫోన్ చేశారటగా," అన్నాడు చివరికి, కాఫీ కప్పులోకి చూస్తూ.

"చేశాను. చెల్లుతుందా?"

"కోసినా కొయ్యకపోయినా చెల్లదండీ. ఇక్కడ అమ్మేవాటికి రాష్ట్రం దగ్గర ఒక జాబితా ఉంటుంది. అందులో ఉంటేనే. మీ మిన్నెసోటా బిళ్ళలు అందులో లేవు. నాలుగు కాదు, రెండున్నా అంతే."

"అంటే నేరమా?"

"ఆ మాట నేను అనలేదు. మీరు కూడా అడక్కండి." ట్రెంట్ గొంతు తగ్గించాడు. "మీరు అడగనంతవరకూ మాకు తెలీదండీ. అడిగాక తెలిసిపోయింది. అక్కడ రాసుకున్నారు కూడా. ఎవరో ఒకరు రావాలిగదా, నేనొస్తానని నేనే అన్నా."

బల్ల మీద గాజు పళ్ళెం ఉంది. అందులో ఒక్కటే బిళ్ళ మిగిలి ఉంది, ఆ రాత్రికి. ముగ్గురూ దానివైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"ఇదొక్కటేనా?" అన్నాడు ట్రెంట్.

"ఇదొక్కటే. మిగతావి రేపు తెద్దామని..." అని ఓరిన్ మొదలుపెట్టాడు. బల్ల కింద వెర్నా అతని కాలు గట్టిగా తొక్కింది.

మావైపు పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. చర్చి విందుల్లో చూడాలి ఆ మొహమాటం. కేకు ఆఖరి ముక్కను ఒకరు సగం కోసి సగం వదులుతారు, ఆ సగాన్ని ఇంకొకరు సగం చేస్తారు, చివరికి గోరంత తునక పళ్ళెంతో సహా సింకులోకి పోతుంది. చిన్నప్పుడు ఎవరైనా పిల్లాడు ఆఖరి ముక్క లాగేసుకుంటే తల్లి అక్కడే చెయ్యి మీద చరుస్తుంది. ట్రెంట్ అదే చర్చిలో పెరిగినవాడు. అతను కాగితం రుమాలు ఒకటి తీసుకుని, ఆఖరి బిళ్ళను దాన్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆఖరిది," అంది వెర్నా.

"తెలుసండీ," అన్నాడు ట్రెంట్. చెవులు కందగడ్డలయ్యాయి. "నేను కాఫీకే వచ్చానండీ. కాఫీ చాలా బాగుంది."

గుమ్మం దగ్గర మావాళ్ళు ఎంత సేపు సెలవు తీసుకుంటారో ఎరిగిన సంగతే. ఆ రోజు ట్రెంట్ ఒక్క మాటే అన్నాడు: "ఓరిన్ గారూ, మీ బస్సులో పెరిగినవాణ్ణి, చెప్తున్నా. ఇంకెవర్నీ ఏమీ అడక్కండి." తరువాత టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వెర్నా కప్పులు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. తరువాత చేతులు తుడుచుకోకుండానే వెనక్కి తిరిగింది.

"నన్నడిగావా?"

"ఏమిటి?"

"నిద్రపోయేది నేను. నన్నడక్కుండా వాళ్ళనెందుకడిగావు?"

"తప్పు చేస్తున్నామేమోనని..."

"చేస్తే చేశాం! నలభై ఏళ్ళుగా ఏ తప్పూ చెయ్యలేదుగా, ఒక్కటి చేస్తే భూమి బద్దలవుద్దా?" ఆమె గొంతు పెంచడం ఓరిన్ అంతవరకూ వినలేదు. "నీక్కావల్సింది నా నిద్ర కాదయ్యా. నువ్వు మంచివాడివని ఎవరో ఒకరు నీకు చెప్పాలి. నీ బస్సులో ముక్కు కార్చుకుంటూ కూర్చున్న ఆ కుర్రాడు చెప్పినా సరే. ఇప్పుడు చెప్పాడుగా. వెళ్ళి పడుకో."

ఓరిన్ తడి కప్పు తీసుకుని తుడిచాడు. ఆమె అన్నది నిజమా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. నిజమేననిపించి సిగ్గుపడ్డాడు.

మర్నాడు మంచు తుఫాను దిగింది. రోడ్డు ఉన్న చోటు కూడా తెలియకుండా పోయింది. వెర్నా పడక మానేసి కుర్చీలో కూర్చునేది. గౌను గుడ్డ పక్కకు తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ. ఓరిన్ ఎదురుగా ఇంకో కుర్చీలో కూర్చునేవాడు. వేడినీళ్ళు తెస్తే వద్దనేది, చల్లటి గుడ్డ తెస్తే వద్దనేది. ఆ నొప్పిలో సగం తనకు పంచి ఇచ్చే చట్టం ఏ రాష్ట్రంలోనైనా ఉంటే బాగుండుననిపించింది అతనికి. కిటికీలోంచి చూస్తే ఆర్డిస్ ఇంటి దీపం కనిపించేది. అంత దగ్గర.

తుఫాను వెలిసి, ఎవరో దయతలచి రోడ్డు మీద మంచు తీసిన రోజున వెర్నా పెట్టె సర్దుకుంది. పాత స్వెట్టరు, చెప్పులు, కుట్లు అల్లికల సంచి.

"అక్క దగ్గరుంటా," అంది.

"ఎన్నాళ్ళు?"

"నిద్ర పట్టినన్నాళ్ళు."

కోపంతో అనలేదు. అదే ఓరిన్‌కు ఎక్కువ నొప్పెట్టింది. పెట్టె మోసి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, రోడ్డు దాటించి, ఆర్డిస్ గుమ్మంలో దింపి వచ్చాడు. చర్చిలో జనం ఈ సంగతి విని "వేరేగా ఉందే" అన్నారు. మావైపు ఒకరి పనిని అంతకంటే ఘాటుగా తప్పుపట్టే మాట లేదు.

ఓరిన్ రోజూ సాయంత్రం వెళ్ళేవాడు. ఒక రోజు పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి ఆలస్యమైంది. వెళ్ళేసరికి వెర్నా సోఫాలో నిద్రపోయి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది, సన్నగా గురక. దుప్పటి పక్కటెముకల మీదనే ఉంది, ఆమెకు తెలియనే లేదు. సర్పి లేవకముందు ముఖం ఎలా ఉండేదో అలా ఉంది. పిలిస్తే లేస్తుంది. లేపడానికి చెయ్యి రాలేదు. టోపీ చేతిలో పట్టుకుని అలా నిలబడి చూశాడు. ఈ నిద్ర తన ఇంట్లో, తన పక్కన, తన చీకట్లో ఉండాలి. దానికోసం ఏ తప్పయినా చేస్తాననుకున్నాడు. అలా అనుకోవడం అతనికి జీవితంలో అదే మొదలు.

వంటింట్లోకి వెళ్ళి ఆర్డిస్ ఎదుట కూర్చున్నాడు.

"వదినా, ఒక డబ్బా ఇవ్వు. కొయ్యను. అలాగే పట్టుకుపోతా. రేపు వెర్నాను ఇంటికి తీసుకుపోతా."

ఆర్డిస్ అల్మారా వైపు ఒకసారి చూసింది. నవ్వుతుందనుకున్నాడుగాని నవ్వలేదు.

"నీకివ్వను మరిదీ."

"ఎందుకు?"

"నువ్వు చెప్పేస్తావు. ఆ బిళ్ళ ఎక్కడిది, ఎవరిచ్చారు, తెలిసే ఇచ్చిందా అంటే గడగడా అప్పజెప్తావు. నా లైసెన్సు పోద్ది. నా కొట్టు పోతే దీని నిద్ర రెండు రాష్ట్రాల్లోనూ పోద్ది."

"చెప్పను."

"చెప్పవా? సరే." ఆవిడ కుర్చీ ఇటు తిప్పుకుని, నడుం నిటారు చేసి, డిప్యూటీ మాదిరి బల్ల మీద రెండు చేతులూ పెట్టింది. "ఓరిన్ గారూ, మీ ఇంట్లో ఏమన్నా ఉందా?"

ఓరిన్ నోరు తెరిచాడు. ముందు మెడ ఎర్రబడింది, తరువాత బుగ్గలు, తరువాత బట్టతల. 'లేదు' అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆర్డిస్ కళ్ళు తన కళ్ళలోనే ఉన్నాయి.

"ఉంది," అన్నాడు.

ఆర్డిస్ చెయ్యి చాపి అతని చెయ్యి మీద వేసింది. "చూశావా. డబ్బా ఇంకా నా అల్మారాలోనే ఉంది."

ఓరిన్ లేచాడు. సోఫా దగ్గర ఒక్క క్షణం ఆగి, బయటికొచ్చి కారెక్కాడు. చక్రం మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా అద్దం బయట ట్రెంట్ నిలుచున్నట్టు అనుకున్నాడు.

"లేదు ట్రెంట్, మా ఇంట్లో ఏమీ లేదు."

గొంతు వణికింది. మళ్ళీ అన్నాడు. 'ఏమీ' దగ్గర తడబడింది. కారు నడుపుతూ, పిల్లాడు ఎక్కం వల్లించినట్టు వల్లించాడు. గట్టిగా అంటే అబద్ధమని తెలిసిపోతోంది, మెల్లిగా అంటే ఇంకా తెలిసిపోతోంది. ఈ వయసులో ఇదొకటి నేర్చుకోవాల్సి వచ్చిందని కళ్ళు చెమర్చాయి. ఎంత కాలం పట్టినా సరే నేర్చుకుంటాననుకుని, సరిహద్దు రోడ్డు దాటుతూ మళ్ళీ అన్నాడు.

ఇల్లు చేరి వంటింట్లో దీపం వేశాడు. పొయ్యి చల్లగా ఉంది. సింకులో ఒక కప్పు, ఒక చెంచా. కుర్చీ వీపుకు ఎప్పుడూ వేలాడే స్వెట్టరు లేదు. టోపీ తియ్యకుండానే బల్ల ముందు నిలబడి, ఇంకొక్కసారి ప్రయత్నిద్దామని గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో ఏమీ లేదు."

ఈసారి గొంతు వణకలేదు. నిజం చెప్పేటప్పుడు ఓరిన్ గొంతు ఎప్పుడూ వణకదు.